ఎముక అతికింది సరే, చేయి ఎంత వంగుతోంది?

ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్ల ఫైలు ఒకటి తీసి చూడండి. ఎక్స్‌రేలు ఉంటాయి, రక్తపరీక్షల కాగితాలు ఉంటాయి, ఏ ప్లేటు వేశారో, ఎన్ని స్క్రూలు బిగించారో ఉంటుంది, చివర్లో బిల్లు ఉంటుంది. కట్టు విప్పిన రోజు ఆ కీలు ఎంతవరకు ముడుచుకుంటోంది, ఎంతవరకు చాపగలుగుతున్నారు అన్న రెండు అంకెలు మాత్రం ఉండవు. మా నాన్న ఫైల్లో లేవు. తర్వాత నేను అడిగి చూసిన బంధువుల ఫైళ్లలో, ఇరుగుపొరుగువాళ్ల ఫైళ్లలో కూడా దాదాపు లేవు. ఎముక అతికితే వైద్యం అయిపోయినట్టే లెక్క. కీలు కదలడం మాత్రం రోగి ఓపిక, అదృష్టం. మన దగ్గర వ్యవహారం ఇలా నడుస్తోంది. ఇది మారాలని, మార్చడం కష్టం కూడా కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని. రామవరప్పాడు రింగ్ దగ్గర బైకు మీంచి పడితే కుడి మోచేయి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చక్కగా చేశారు, దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ తర్వాత వారాల తరబడి చేయి సిమెంటు పట్టీలోనే ఉంది. విప్పాక ఎక్స్‌రే చూసి, "బాగా అతికింది, ఇక మెల్లగా కదుపుకోండి, ఫిజియోథెరపీ చేయించుకోండి" అన్నారు. అంతే, పంపేశారు. ఆ చేయి ముడిస్తే 95 డిగ్రీల దగ్గర ఆగిపోయేది. చాపితే 45 దగ్గర. చేయి పూర్తిగా తిన్నగా ఉంటే సున్నా, పూర్తిగా ముడిస్తే 140, 145 అనుకుని ఈ లెక్క వేస్తారు. ఈ అంకెలు కూడా ఆసుపత్రిలో చెప్పినవి కావు. తర్వాత మేం వెళ్లిన ఒక ఫిజియోథెరపిస్టు గోనియోమీటరు, అంటే కీలు కోణం కొలిచే పరికరం, పెట్టి కొలిచి చెప్పారు.

95 వరకే వంగే చేయి నోటిని అందుకోదు. ఎడమ చేత్తో తినమని మా నాన్నకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మ పొడుగు స్పూను ఇస్తే రెండు పూటలు తిని పక్కన పెట్టేశారు. పెళ్లిళ్లకి, శుభకార్యాలకి వెళ్తే పలకరించి భోజనం చేయకుండా వచ్చేసేవారు. "ఏంటమ్మా, అతికిందన్నారుగా, మరి ఇదేంటి?" అని నన్ను అడిగారు. నేను డాక్టర్ని కాదు, గుంటూరులో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. కణాల గురించి, కండరాల గురించి వచ్చే పరిశోధనలు చదవడం అలవాటే కాబట్టి ఆయన అడిగినదానికి సరైన జవాబు వెతకడం నా పని అనుకున్నాను. చదివేకొద్దీ అర్థమైంది ఏమిటంటే, దీని గురించి యాభై ఏళ్లుగా చాలా తెలుసు. తెలిసినది కట్టు విప్పే గది దాకా రావడం లేదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మోచేయి కీలు చుట్టూ ఒక పొర ఉంటుంది, క్యాప్సూల్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న మోచేతిలో ఆ పొర లోపల దాదాపు 25 మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది. బిగుసుకుపోయిన మోచేతుల్లో కొలిస్తే 6 మిల్లీలీటర్ల దగ్గరికి పడిపోయింది. ఇంకో విషయం, ఈ పొర లోపల చోటు అన్ని భంగిమల్లో ఒకేలా ఉండదు. చేయి 80 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఎక్కువ చోటు ఉంటుంది. దెబ్బ తగిలి రక్తం, నీరు చేరినప్పుడు నొప్పి తక్కువగా ఉండేది ఆ కోణంలోనే. అందుకే దెబ్బ తగిలిన మనిషి తనకు తెలియకుండానే చేతిని అలా పొట్టకు ఆనించి పట్టుకుంటాడు. పట్టీ కూడా ఇంచుమించు ఆ కోణంలోనే వేస్తారు. ఇక చుట్టూ ఉన్న కణజాలం ఆ కోణానికే అలవాటు పడిపోతుంది.

మోచేతుల మీద చాలాకాలం పనిచేసిన, అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి సర్జన్ షాన్ ఓడ్రిస్కోల్ 2000లో ఈ బిగుసుకుపోవడాన్ని నాలుగు దశలుగా వివరించారు. మొదటి గంటల్లో రక్తం చేరడం, తర్వాత రోజుల్లో నీరు పట్టి వాయడం, ఆపైన వారాల్లో మెత్తటి కొత్త కణజాలం పుట్టడం, చివరికి అది గట్టి మచ్చగా మారడం. మొదటి రెండు దశల్లో అడ్డుపడుతున్నది ద్రవం. ద్రవాన్ని కదలికతో బయటికి నెట్టొచ్చు. మూడో దశలో కణజాలం ఇంకా మెత్తగానే ఉంటుంది, లొంగుతుంది. నాలుగో దశకి వచ్చాక లొంగదీయడం చాలా కష్టం. మన దగ్గర ఫిజియోథెరపీ చాలామందికి మొదలయ్యేది ఈ మూడో దశ చివర్లోనో, నాలుగో దశలోనో. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆ గట్టిపడటం వెనక ఉన్న కణాల పేరు మయోఫైబ్రోబ్లాస్టులు. పుండు మానేటప్పుడు అంచుల్ని దగ్గరికి లాగేవి ఇవే. వాటి పని అదే, పుండు మానాక అవి తప్పుకోవాలి. కీలు చుట్టూ పొరలో అవి తప్పుకోకుండా ఉండిపోయి లాగుతూనే ఉంటే పొర కురచబడి మందమవుతుంది. కెనడాలో కాల్గరీకి చెందిన కెవిన్ హిల్డెబ్రాండ్ బృందం బిగుసుకుపోయిన మోచేతుల నుంచి తీసిన పొరల్లో ఈ కణాలు ఎక్కువగా ఉన్నాయని చూపించింది, వాటితో పాటు మాస్ట్ కణాలు కూడా. మాస్ట్ కణాలంటే ఎలర్జీలో పనిచేసేవి. దాంతో ఆ బృందానికి ఒక ఆలోచన వచ్చింది. ఆస్తమాకి, ఎలర్జీకి ఎప్పటినుంచో వాడుతున్న కీటోటిఫెన్ మాత్ర ఈ కణాల్ని అదుపు చేస్తుంది కదా, దీనికి పనికొస్తుందా అని. కుందేళ్లలో పనిచేసింది. మనుషుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి, మాత్ర వేసుకున్నవాళ్లకీ వేసుకోనివాళ్లకీ గణాంకాల్లో నిలబడే తేడా కనిపించలేదు. నేను ఆ పేపరు చదివి నిజంగా నిరాశపడ్డాను. కానీ ఆ దారి తప్పని అనుకోను. బిగుసుకుపోవడాన్ని రోగి బద్ధకంగా కాకుండా శరీరంలో జరిగే ఒక ప్రక్రియగా చూసి మందు వెతికిన దారి అది.

కండరం సంగతి వేరు. 1972లో ఫ్రాన్స్‌లో టాబరీ బృందం పిల్లుల పిక్క కండరాన్ని కురచ భంగిమలో కట్టి ఉంచితే, ఆ కండరం తన పొడవులో వరుసగా ఉండే సార్కోమియర్లలో, అంటే ముడుచుకునే చిన్న చిన్న భాగాల్లో, దాదాపు 40 శాతం వదిలేసుకుంది. కట్టు తీశాక నాలుగు వారాల్లో వాటిని తిరిగి పెంచుకుంది. అంటే కండరం పోగొట్టుకున్నది తెచ్చుకోగలదు. తర్వాత ఎలుకల మీద చేసిన పనిలో రోజుకి అరగంట సాగదీస్తే ఈ నష్టం చాలావరకు ఆగిందని తేలింది. ఒట్టావాలో గై ట్రూడెల్, హాన్స్ ఉథాఫ్ ఎలుకల మోకాళ్లను కదలకుండా ఉంచి చూస్తే, మొదటి రెండు వారాల్లో ఎక్కువగా అడ్డుపడింది కండరమే. ఆ తర్వాత కీలు పొర ముందుకొచ్చింది, కాలం గడిచేకొద్దీ అదే ప్రధాన కారణమైంది. జంతువుల లెక్కల్ని మనుషులకి అలాగే వర్తింపజేయలేం. కానీ మొదటి వారాలకీ తర్వాతి నెలలకీ తేడా ఉందన్న సంగతి మాత్రం గట్టిగా నిలబడుతుంది.

ఇక్కడ మన ఇళ్ల గురించి చెప్పాలి. చెయ్యి విరిగినవాణ్ణి మనం ప్రేమగా చూసుకునే తీరు ఒక్కటే: కదపకు. అమ్మ కదపకు అంటుంది, అత్త కదపకు అంటుంది, చూడటానికి వచ్చిన బాబాయి కొబ్బరిబోండాల సంచి కింద పెట్టి "ఒరేయ్, అసలు కదపకు, మూడు నెలలు దాని మానాన దాన్ని వదిలెయ్" అంటాడు. విరిగిన చోటు కదలకూడదు, అది నిజమే. కానీ మోచేయి విరిగినవాడి వేళ్లకేమైంది? భుజానికేమైంది? గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్నికి మణికట్టు విరిగింది. మణికట్టు బాగానే ఉంది, పిడికిలి పూర్తిగా పట్టదు. వేళ్లలో ఒక్క ఎముకా విరగలేదు. మణికట్టుకి వేసే పట్టీ అరచేతిలో వేళ్లకి దగ్గరగా అడ్డంగా ఉండే గీత దాటకూడదని, వేళ్లు పూర్తిగా ముడవగలగాలని చెయ్యి వైద్యంలో మొదటి పాఠాలు చెప్తాయి. పట్టీ ఆ గీత దాటిపోతే వేళ్లు తిన్నగా ఉండిపోతాయి, వేళ్ల మొదటి కీళ్ల పక్కనుండే లిగమెంట్లు వదులుగా ఉన్న స్థితిలోనే కురచబడిపోతాయి. ఆపైన పిడికిలి రాదు. మా పిన్నికి పట్టీ వేసిన చోట ఈ మాట ఎవరూ చెప్పలేదు, ఇంట్లో అందరం కదపకు అన్నాం. స్లింగులో వేలాడిన భుజం కూడా ఇలాగే పట్టేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో భుజం బిగుసుకోవడం మామూలుగానే ఎక్కువ. మన ఊళ్లలో యాభై దాటినవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు చాలామందే, కాబట్టి వాళ్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ముందే మొదలవ్వాలి.

కదపకపోవడం ఒక వైపు తప్పయితే, రెండో వైపు ఇంకో తప్పు ఉంది, బలవంతంగా వంచడం. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. మోచేయి పట్టేసిందనగానే నూనె రాసి మర్దన చేసి విరగదీసినట్టు వంచేవాళ్లు మన జిల్లాల్లో ఊరికొకరు దొరుకుతారు. నాటు కట్టు దగ్గర మాత్రమే కాదు, కొన్ని ఫిజియోథెరపీ క్లినిక్కుల్లోనూ ఇదే. ముందు కాపడం, కాసేపు కరెంటు పెట్టడం, ఆపైన ఇద్దరు పట్టుకుని వంచడం. రోగి అరుస్తాడు, "అరిస్తేనే పనిచేస్తున్నట్టు" అంటారు. మా నాన్నకి మొదట వెళ్లిన చోట ఇలాగే జరిగింది. మర్నాటికి మోచేయి వాచి, అంతకుముందు రోజు వంగినంత కూడా వంగలేదు.

దీని వెనక ఉన్న సంగతి చాలాకాలంగా తెలిసిందే. మోచేతి దెబ్బ తర్వాత మర్దన చేస్తే, గట్టిగా వంచితే కండరంలో ఎముక పుట్టే ప్రమాదం ఉందని మన మెడికల్ కాలేజీల్లో ఎముకల పాఠం చెప్పేవాళ్లు ఇప్పటికీ ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు దాన్ని. 1980లో అచ్చయిన ఒక అధ్యయనంలో కుందేళ్ల మోకాళ్లను కట్టి ఉంచి, మధ్యమధ్య విప్పి బలవంతంగా వంచితే, కండరాల్లో నిజంగానే ఎముక ఏర్పడింది. బలవంతంగా వంచినప్పుడు కణజాలం సాగదు, చిరుగుతుంది. చిరిగిన చోట మళ్లీ రక్తం, మళ్లీ వాపు, మళ్లీ మయోఫైబ్రోబ్లాస్టులు. నాలుగు దశలూ మొదటి నుంచి మళ్లీ మొదలు.

కదపాలా, ఆపాలా అన్న తగవు పాతదే. పందొమ్మిదో శతాబ్దంలో లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ విశ్రాంతే మందని, అది ఎడతెగకుండా చాలాకాలం ఉండాలని వాదించాడు. అదే కాలంలో ఫ్రాన్స్‌లో లూకా షాంపియొనియేర్ విరిగిన అవయవానికీ కదలిక కావాలని వాదించాడు. 1958లో స్విట్జర్లాండ్‌లో ఏఓ అనే సర్జన్ల బృందం ఏర్పడినప్పుడు వాళ్ల వాదనలో సగం ఇదే: ఎముకని లోపల ప్లేట్లతో గట్టిగా పట్టి ఉంచితే కీలుని వెంటనే కదపొచ్చు. ప్లేటు వేసేదే కదపడం కోసం. ఈ సంగతి తెలిశాక నాకు ఒక విషయం మింగుడుపడలేదు. ప్లేటు వేసి, ఆ తర్వాత వారాల తరబడి పట్టీలో ఉంచితే ఆ ప్లేటు వల్ల వచ్చే పెద్ద లాభాన్ని వదులుకున్నట్టే కదా. కొన్ని విరుగుళ్లలో ఎముక నలిగిపోయి ఉంటుంది, స్క్రూ పట్టు నిలవదు, అప్పుడు పట్టీ తప్పదు. అలాంటి కారణం ఉంటే అది రోగికి చెప్పాలి, కాగితం మీద రాయాలి.

ఎముక విరగకుండా మోచేయి జారినవాళ్ల మీద నెదర్లాండ్స్‌లో 100 మందితో ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2017లో వచ్చాయి. సగం మందికి మూడు వారాలు పట్టీ, సగం మందికి వెంటనే కదలిక. వెంటనే కదిపినవాళ్లు త్వరగా కోలుకున్నారు, త్వరగా పనికి వెళ్లారు, కీలు మళ్లీ జారడం పెరగలేదు. ఇది విరిగిన మోచేతులకి నేరుగా వర్తించదు. అయినా మన భయం ఎంతవరకు అవసరమో, ఎక్కడ అనవసరమో చూపించే పరీక్ష ఇది.

బిగుసుకుపోయాక ఏం చేయాలి? నాకు ఇందులో అందరికంటే దగ్గరగా అనిపించిన మనిషి పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టి, 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి, కుష్ఠు వల్ల వంకరపోయిన వేళ్ల మీద పనిచేశాడు. స్పర్శ లేని వేళ్లని బలవంతంగా తిన్నగా చేస్తే చర్మం, కండ చిరిగిపోతాయి, రోగికి తెలియను కూడా తెలియదు. కాబట్టి ఆయన వేలు ఎంతవరకు సులువుగా వస్తే అంతవరకే చాపి పిండికట్టు వేసేవాడు. కొన్ని రోజులకి విప్పి, ఇంకాస్త చాపి మళ్లీ కట్టు. జీవం ఉన్న కణజాలాన్ని లాగి పొడుగు చేయలేమని, సున్నితమైన లాగుడు ఎక్కువసేపు ఉంటే అదే పొడుగు పెరుగుతుందని ఆయన వాదన. పూలపందిరికి తీగ పాకించే ఆడవాళ్లు ఎవరూ తీగని ఒక్కరోజులో పైకి లాగరు, దారం కట్టి రోజూ కాస్త జరుపుతారు. ఇదీ అలాంటి పనే. 1994లో ఫ్లవర్స్, లాస్టేయో అనే ఇద్దరు వేళ్ల కీళ్ల మీద చేసిన చిన్న పరీక్ష కూడా ఇటే చూపించింది. చివరి కోణంలో ఆరు రోజులు ఉంచిన వేళ్లు మూడు రోజులు ఉంచిన వేళ్ల కంటే ఎక్కువ కదలిక పొందాయి. లెక్కలోకి వచ్చింది చివరి కోణం దగ్గర ఎంతసేపు ఉంచారన్నదే.

మోచేతికి ఇదే సూత్రంతో స్ప్లింట్లు ఉన్నాయి. కొన్నిటికి స్ప్రింగు ఉంటుంది, కొన్నిటికి రోగి తనే తిప్పుకునే మర. 2012లో రెండు రకాల్నీ పోల్చి చూస్తే తేడా లేదని తేలింది, రెండిటిలోనూ నెలల తరబడి కదలిక మెరుగవుతూ వచ్చింది. మా నాన్నకి రెండో ఫిజియోథెరపిస్టు చెప్పింది మర ఉన్న స్ప్లింటే. లేత్ మనిషి కదా, అది చూడగానే ఆయన ముఖం వెలిగింది. మర ఎంత తిప్పితే ఎంత కోణం మారుతుందో మొదటి రోజే లెక్క కట్టుకున్నారు. నొప్పిగా కాకుండా లాగుతున్నట్టు మాత్రమే ఉండేంత వరకు తిప్పి, అరగంట అలా ఉంచి, విప్పి, ఆ కొత్త చోటులో చేతిని తనే ఆడించాలి. రోజులో మూడుసార్లు. ఎవరూ పట్టుకుని వంచలేదు, ఆయన అరవలేదు, మర్నాడు వాపు రాలేదు.

ఇక్కడ నా వాదనకి ఎదురొచ్చే పరిశోధనలు కూడా చెప్పాలి. 2017లో కోక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద వచ్చిన పరీక్షలన్నిటినీ కలిపి తూచే సమీక్ష) ఒకటి బిగుసుకుపోయిన కీళ్లని సాగదీయడం మీద 49 అధ్యయనాలు కలిపి చూసింది. ఏడు నెలల లోపు చేసిన సాగదీతతో పెద్దగా ఉపయోగం లేదని తేల్చింది. ఇది చిన్నమాట కాదు. ఆ అధ్యయనాల్లో చాలావరకు పక్షవాతం, వెన్నుపాము దెబ్బ లాంటివాటి మీద చేసినవి, అక్కడ కీలు పట్టేయడానికి కారణం వేరు. దెబ్బ తర్వాత, మచ్చ ఇంకా ముదరని కాలంలో ఉన్న కీలు వేరు. అయినా రోజుకి ఒక్కసారి పది నిమిషాలు ఎవరో సాగదీసి పంపించే పద్ధతికి ఆధారం చాలా బలహీనం అని ఒప్పుకోవాల్సిందే. యంత్రాల సంగతీ అంతే. టొరంటోలో రాబర్ట్ సాల్టర్ 1970లో కుందేళ్లతో మొదలుపెట్టి, కీలుని ఆపకుండా యంత్రంతో కదిపితే మృదులాస్థి బాగా మానుతుందని చూపించాడు, గొప్ప పని అది. కానీ ఆ యంత్రాన్ని మోకాలు మార్పిడి తర్వాత వాడితే వచ్చిన అదనపు వంపు సగటున 2 డిగ్రీలే అని 2014 కోక్రేన్ సమీక్ష లెక్క. రెండు డిగ్రీల కోసం రోజువారీ అద్దె కట్టే కుటుంబాలు విజయవాడలో ఉన్నాయి. ఆ డబ్బు మంచి ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి పెడితే మేలని నా అభిప్రాయం.

ఇన్ని పరీక్షల్లోనూ కొలత ఉంది కాబట్టే ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో తెలిసింది. మన ఫైళ్లలో అదే లేదు. కొలవకపోతే మా నాన్నని వంచి వాపు తెప్పించిన చోట నష్టం జరిగిందని ఎలా చెప్తాం? నెల రోజులుగా ఒకే దగ్గర ఆగిపోయాడని, ఇక సర్జన్ని మళ్లీ కలవాలని ఎలా తెలుస్తుంది? పట్టేసిన మోచేతికి పొర కోసి విడిపించే ఆపరేషన్ ఉంది, దాంతో సగటున 40 నుంచి 50 డిగ్రీల దాకా కదలిక తిరిగి వస్తుంది. అది ఎప్పుడు చేయాలో నిర్ణయించడానికి నెలనెలా అంకెలు కావాలి.

ఏ అంకె చాలు అన్నది ఇంకో ప్రశ్న. 1981లో మేయో క్లినిక్‌లో బెర్నార్డ్ మోరీ బృందం 33 మంది ఆరోగ్యవంతులతో 15 రోజువారీ పనులు చేయించి కొలిచింది. 30 నుంచి 130 డిగ్రీల దాకా వంగితే, అరచేయి బోర్లా 50, వెల్లకిలా 50 తిరిగితే చాలా పనులు జరిగిపోతాయని తేల్చింది. ఆ 30–130 ఇవాళ్టికీ ప్రపంచమంతా సర్జన్లు చెప్పే లెక్క. వాళ్లు చేయించిన పనుల్లో ఫోర్కుతో తినడం ఉంది, తలుపు తీయడం ఉంది, జగ్గులోంచి వంచడం ఉంది. 2011లో అమెరికాలోనే ఇంకో బృందం సెల్‌ఫోన్, కీబోర్డు లాంటి పనులు చేర్చి కొలిస్తే పాత లెక్క చాలలేదు, ఫోను చెవి దగ్గర పెట్టుకోవడానికే 140 దాటి వంగాలి. అమెరికా వాళ్లు తమ జీవితం మారిందని మళ్లీ కొలుచుకున్నారు. మనం ఒక్కసారైనా కొలుచుకోవాలి కదా. ఫోర్కు నోటి దగ్గరికి రావడానికీ, వేళ్లు నోటి దగ్గరికి రావడానికీ ఫోర్కు పొడవంత తేడా ఉంది. గుడిలో తీర్థం పుచ్చుకోవాలంటే అరచేయి పూర్తిగా వెల్లకిలా తిరగాలి, 50 డిగ్రీల దగ్గర ఆగిన చేతిలో నీళ్లు పక్కకి జారిపోతాయి. మా నాన్న ఇప్పుడు 30 నుంచి 125 దగ్గర ఉన్నారు. పాత లెక్క ప్రకారం దాదాపు సరిపోయింది. ముద్ద నోటికి అందుతోంది, తల కాస్త ముందుకి వంచాలి. తీర్థం మాత్రం ఎడమ చేయి కింద ఆనించి పట్టుకుంటారు.

మోకాలి విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. నడవడానికి 60, 70 డిగ్రీల వంపు చాలు, కుర్చీలోంచి లేవడానికి వంద లోపో, కాస్త పైనో. మోకాలు 110 వంగితే చాలా పుస్తకాల్లో అది మంచి ఫలితమే. గొంతుకు కూర్చోవాలంటే 150 దాటాలి. గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల్లో మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేల మీద కూర్చునే పని చేస్తారు. వాళ్లలో ఒకరికి మోకాలు దగ్గర ఎముక విరిగి, అతికి, 110 దగ్గర ఆగిందనుకోండి. ఫైలు ప్రకారం ఆవిడ కోలుకుంది. ఆవిడ కూలి పోయింది.

ఆరోగ్య విశ్వవిద్యాలయం మన విజయవాడలోనే ఉంది. సిద్ధార్థ మెడికల్ కాలేజీ ఇక్కడే, గుంటూరు మెడికల్ కాలేజీ ఇక్కడికి గంట దూరం. ఎముకల విభాగంలో ఎంఎస్ చేసే ప్రతి విద్యార్థీ ఒక థీసిస్ రాయాలి. ఏ ప్లేటు మంచిది, ఏ స్క్రూ మంచిది అన్న థీసిసులు చాలానే వస్తుంటాయి. ముద్ద తినడానికి, చీర కుచ్చిళ్లు దోపుకోవడానికి, ముగ్గు వేయడానికి, నేల మీద కూర్చుని లేవడానికి, లేత్ చక్ బిగించడానికి మన మనుషుల కీళ్లు ఎన్ని డిగ్రీలు తిరగాలో కొలిచి రాయమని నేను కోరుతున్నాను. ఒక గోనియోమీటరు, పక్కనుంచి తీసిన వీడియో, ఆరోగ్యంగా ఉన్న కొన్ని పదుల మంది చాలు. ఇది ఖర్చు లేని పరిశోధన, ఏ కంపెనీ సాయమూ అక్కర్లేనిది.

ఆ లెక్కలు వచ్చేదాకా మీ ఇంట్లో ఎవరికైనా ఎముక విరిగితే మొదటి రోజే అడగండి: ఏ కీళ్లని కదపకూడదు, ఏ కీళ్లని ఇవాళ్టి నుంచే కదపాలి, విరిగిన చోటి కీలుని ఏ రోజు నుంచి ఎంతవరకు కదపొచ్చు. కట్టు విప్పిన రోజు కీలు ఎంత ముడుచుకుంటోందో, ఎంత చాపుకుంటోందో రెండూ కొలిచి కాగితం మీద రాయమని అడగండి. రాయకపోతే ఇంట్లోనే చేతిని పక్కనుంచి, మోచేయి ఎత్తులో ఫోను పెట్టి, పూర్తిగా ముడిచినప్పుడొకటి, పూర్తిగా చాపినప్పుడొకటి ఫొటో తీయండి. ప్రతి వారం అదే రోజు, అదే చోట, అదే వెలుతురులో. ఫొటో మీద కోణం కొలిచే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి, అయిదు డిగ్రీల తేడా కొలతలోనే వస్తుంది కాబట్టి దానికి కంగారు పడొద్దు. వరుసగా కొన్ని వారాలు అంకె జరగకపోయినా, వెనక్కి వచ్చినా ఆ ఫొటోలు తీసుకుని వెళ్లి చూపించండి. చేయి మంట పుట్టినట్టు ఉండి, చర్మం రంగు మారి, వేళ్లు వాచి మెరుస్తుంటే వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. ఎవరైనా నొప్పి భరించమని పట్టుకుని వంచబోతే, చేయి వెనక్కి తీసుకోండి.